కోటేశ్వరమ్మ కుడిచెంప

గునపం

ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నాకు అప్పజెప్పిన పని ఒక గునపానికి తుప్పు పట్టించడం.

నిజం గునపం కాదు. కంప్యూటర్ తెర మీద బూడిదరంగులో నిలబడి ఉన్న బొమ్మ. దాన్ని ఎటైనా తిప్పి చూడొచ్చు. పొడవు, మందం, మొన అన్నీ ఉన్నాయి. రంగొక్కటే లేదు. నా ముందు బల్ల మీద పలకలాంటి టాబ్లెట్, చేతిలో సిరా లేని పెన్ను. ఆ పెన్నుతో పలక మీద గీస్తే తెర మీది గునపానికి రంగు అంటుతుంది. గట్టిగా నొక్కితే చిక్కగా, తేలిగ్గా ఆనిస్తే పల్చగా. అంతకుముందు నేను గుంటూరు బ్రాడీపేటలోనే ఒక ఫోటో స్టూడియోలో పెళ్ళి ఫోటోలు టచప్ చేసేదాన్ని. అందుకని పెన్ను నాకు కొత్త కాదు. తిరిగే బొమ్మ కొత్త.

పొద్దుటి నుంచి కూర్చుని గునపం నిండా తుప్పు పూశాను. ఎరుపు, గోధుమ, నలుపు, పెచ్చులు లేచినట్టు గరుకు. నా పనికి నేనే మురిసిపోయాను. మా బాస్ ప్రసాదరావు గారు వెనక నిలబడి చూశారు.

"బాగుందమ్మా రహీమా. ఈ గునపంతో ఇంతవరకూ ఎవరూ పని చెయ్యలేదన్నమాట."

"అదేంటండీ?"

"చెయ్యి పట్టే చోట తుప్పుంటదా? రోజూ నేలలో దిగే మొనకి తుప్పుంటదా? మొన తళతళలాడాలి. పట్టుకునే చోట నున్నగా, నల్లగా, చెమట జిడ్డుతో మెరవాలి. మిగతా చోట పట్టించుకో నీ తుప్పు."

ఆయన ఒకప్పుడు ట్రాక్టర్ తొట్ల మీద పేర్లూ పూలతీగలూ రాసిన మనిషి. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయాక, పెద్ద వయసులో కంప్యూటర్ నేర్చుకుని, ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో మా స్టూడియో పెట్టారు. ఆటలు, సినిమాలు తయారుచేసే కంపెనీలు రంగులేని బొమ్మలు పంపుతాయి. రాయికి నాచు, ఇనుముకు తుప్పు, రాక్షసుడికి తోలు, మనిషికి చర్మం వేసి మేం తిరిగి పంపుతాం. దీన్ని టెక్స్చర్ పెయింటింగ్ అంటారు. పదవీ విరమణ అనేంత పెద్ద పదవి కాదు నాది. కానీ చూపుడువేలు, మణికట్టు ఇక చాలన్నాయి కాబట్టి మానేశాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఇంటికి వచ్చి, ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోమంటారు మేడమ్, అని అడుగుతుంటారు. అది రెండేళ్ళకోసారి మారుతుంది. నేను చెప్పగలిగింది వేరే ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

బ్లౌజు ముక్కలు

మా పనిలో బయటివాళ్ళకు విడ్డూరంగా ఉండే మెట్టు ఒకటుంది. గుండ్రంగా ఉన్న బొమ్మకు రంగు వేయాలంటే ముందు దాని పైపొరను అక్కడక్కడా కోసి, చదునుగా పరచాలి. కమలాపండు తొక్క వొలిచి బల్ల మీద పరిచినట్టు. చదువుకున్న కుర్రాళ్ళు దీనికి నానా తంటాలూ పడేవాళ్ళు. నాకు మొదటిసారి చూడగానే అర్థమైంది. మా అమ్మ పాతగుంటూరులో బ్లౌజులు కుట్టేది. ముందుభాగం, వెనకభాగం, చేతులు, నేల మీద పరిచిన ముక్కలే ఒంటి మీదికి వచ్చేసరికి గుండ్రంగా అయ్యేవి.

కుట్టు ఎక్కడ వేయాలో కూడా అమ్మ దగ్గర నేర్చుకున్నదే. చంక కింద వేస్తుంది, పక్కన వేస్తుంది, నడిరొమ్ము మీద వేయదు. బొమ్మకూ అంతే. ముఖం మధ్యలో కోత పెడితే, ఎంత బాగా రంగు వేసినా అక్కడ గీత కనిపిస్తుంది.

ప్రసాదరావు గారి గురించి మంచే చెప్పాలని లేదు. గట్టిగా అరిచేవారు. చేయలేనంత పని ఒప్పుకొచ్చేవారు. తప్పు తనదైనప్పుడు ఆ పూట టీ తెప్పించేవారు తప్ప, తప్పన్న మాట నోటి నుంచి వచ్చేది కాదు. కానీ ఒకసారి పాడుబడిన కోటగోడకు సున్నం వేయాల్సి వచ్చి, మేం వేసిన తెలుపు అవతలి కంపెనీకి నచ్చకపోతే, అందరినీ వ్యానెక్కించి పిడుగురాళ్ల తీసుకెళ్ళారు. సున్నపుబట్టీల చుట్టూ తిప్పారు. "తెలుపు తెలుపంటారు గదా, చూడండి ఎన్ని తెలుపులున్నాయో" అన్నారు. చూశాం. పసుపు కలిసిన తెలుపు, నీలం తేలిన తెలుపు, మసి తగిలిన తెలుపు. అందరం నెరిసిన జుట్టుతో ఇంటికొచ్చాం. మళ్ళీ వేసి పంపిన గోడ కూడా కంపెనీకి నచ్చలేదు, అది వేరే సంగతి. నాకు మాత్రం ఆ ప్రయాణం తర్వాత తెలుపు అన్న మాట మీద నమ్మకం పోయింది.

డాక్టరమ్మ తెచ్చిన పని

ఇన్నేళ్ళలో నేను రంగు వేసిన గోడలూ బండ్లూ దయ్యాలూ చాలావరకు మరిచిపోయాను. మరిచిపోనిది ఒకటుంది. అది ఆటకూ కాదు, సినిమాకూ కాదు.

ఒక మధ్యాహ్నం డాక్టర్ స్రవంతి గారని ఒకావిడ మా మెట్లెక్కి వచ్చారు. ముప్పై ఏళ్ళు దాటి ఉండవు. జబ్బుల వల్ల, ప్రమాదాల వల్ల దవడో ముక్కో కన్నో పోయినవాళ్ళకు సిలికాన్‌తో ఆ భాగం తయారుచేసి అమర్చడం ఆవిడ చదువు. సిలికాన్ అంటే రబ్బరులా మెత్తగా ఉండే పదార్థం. ఆకారం తను తీయగలరట. రంగు దగ్గరే ఇబ్బంది.

"నేను వేస్తే బొమ్మ ముఖంలా వస్తోందండీ. మీరు మనిషి చర్మం పొరలు పొరలుగా వేస్తారని విన్నాను. కంప్యూటర్లో మీరు వేసి చూపిస్తే, ఆ పొరల ప్రకారం నేను సిలికాన్‌కు రంగు కలుపుకుంటాను."

ప్రసాదరావు గారు ఒప్పుకోలేదు. అప్పుడు మా చేతిలో పెద్ద పని ఉంది. అయినా ఆయన చెప్పిన కారణం అది కాదు.

"మేం వేసే దయ్యానికి రంగు తప్పితే ఇంకోటి వేసి పంపుతామమ్మా. ఆ మనిషికి తప్పితే? ఆశపెట్టి, అద్దం ముందు నిలబెట్టి, ఏడిపిస్తామా? మావల్ల కాదు."

ఆవిడ వాదించలేదు. ఫోన్లో ఒక ఫోటో చూపించారు. ఒక యాభై ఏళ్ళ మనిషి, ముఖానికి తువ్వాలు అడ్డంగా చుట్టుకుని, ఒక్క ఎడమకన్నుతో చూస్తోంది.

"ఈవిడ పేరు కోటేశ్వరమ్మ. నల్లపాడు స్టేషన్ దగ్గర టిఫిన్ బండి. కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చింది. ప్రాణం కోసం కుడికన్ను, కింద చెంప ఎముకలో కొంత తీసేయాల్సొచ్చింది. అప్పటి నుంచి బండి దగ్గరకు రాలేదు. వెనక గదిలో కూర్చుని పిండి రుబ్బుతుంది, పచ్చడి చేస్తుంది. దోసెలు వాళ్ళాయన వేస్తాడు."

"ఎట్టా వేస్తాడు?" అన్నారు ప్రసాదరావు గారు.

"మాడుస్తాడండీ" అన్నారు డాక్టరమ్మ.

నేను నవ్వాపుకోలేకపోయాను. ఆయనా నవ్వారు. నవ్విన తర్వాత మనిషి కాదనడం కష్టం. సాయంత్రాలు ఉండి నేను చేస్తానండీ అన్నాను. "నీ ఇష్టం. నన్ను మాత్రం ఆమె ఎదురుగా నిలబెట్టబాక" అని లోపలికి వెళ్ళిపోయారు.

చూడకపోతే ఎట్టా

కోటేశ్వరమ్మ, ఆమె భర్త సాంబయ్య ఆటోలో వచ్చారు. సాంబయ్య మిర్చియార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసిన హమాలీ. నడుం పట్టేశాక ఆ పని మానేశాడు. మాట తక్కువ మనిషి. భార్యను కుర్చీలో కూర్చోబెట్టి తను తలుపు పక్కన నిలబడ్డాడు, లోడు దించడానికి వచ్చినవాడిలాగా.

ఆమె తువ్వాలు తీసింది.

అంతకుముందు ఆటల కోసం నేను వేయని గాయం లేదు. కత్తిపోట్లు, కాలిన చర్మం, ఎముక బయటపడిన చేతులు. ఫోటోలు చూసి, పెద్దవి చేసి, మరీ వేసినదాన్ని. ఆ రోజు మాత్రం నా చూపు దానంతటదే పక్కకు, ఆమె చెవి దిద్దు మీదికి పోయింది.

"చూడమ్మా" అంది కోటేశ్వరమ్మ. గొంతులో కోపం లేదు. "చూడకపోతే ఎట్టా వేస్తావు?"

చూశాను. చాలాసేపు చూశాను. కాసేపటికి అది గాయంగా కనిపించడం మానేసి, ఒక మనిషి ముఖంలో ఖాళీగా ఉన్న చోటులా కనిపించింది. అప్పుడు పని మొదలుపెట్టగలిగాను.

డాక్టరమ్మ చేతిలో పట్టుకునే స్కానర్‌తో ముఖమంతా కొలతలు తీసుకున్నారు. కొన్నాళ్ళకు ఆ ముఖం మా కంప్యూటర్లోకి బూడిదరంగులో వచ్చింది. కుడివైపు ఖాళీలో ఆవిడే కన్నూ రెప్పా చెంపా తీర్చి పెట్టారు.

చర్మం రంగు అంటే చాలామంది పైన కనిపించే రంగు అనుకుంటారు. గోడకైతే అది నిజం. చర్మం గోడ కాదు. అడుగున ఎరుపు వేయాలి, రక్తం తాలూకు ఎరుపు. దాని మీద అక్కడక్కడా నీలం, నరాలది. రెప్ప మీద ఊదా చాయ. ఆ పైన పసుపు, గోధుమ. అన్నిటి మీదా ఎండ పెట్టిన నలుపు. ఒక్కో పొరా పల్చగా ఉండాలి, కిందిది పైకి కనపడుతూ ఉండాలి. అవన్నీ కలిసి వెలుతురు పడ్డప్పుడు బతికున్నట్టు అనిపిస్తుంది. ఒకే రంగు దట్టంగా పూస్తే ప్లాస్టిక్ బకెట్.

పొరలు బాగానే వచ్చాయి. పని తొందరలో ఒకటి చేశాను. మా సాఫ్ట్‌వేర్‌లో అద్దం మీట ఒకటుంటుంది. అది నొక్కితే ఎడమవైపు ఉన్నదంతా కుడివైపుకు అచ్చుగా వచ్చేస్తుంది. ఎడమచెంప ఎలాగూ డాక్టరమ్మ తీసిన ఫోటోల్లో స్పష్టంగా ఉంది కదా, దాన్నే కుడికి దింపాను. డాక్టరమ్మ చూసి చాలా బాగుందన్నారు. మొగుడూ పెళ్ళాలను పిలిపించి తెర మీద చూపించాం.

కోటేశ్వరమ్మ తెరకు దగ్గరగా జరిగి చూసింది. ఏడుస్తుందేమోనని నేను భయపడ్డాను. ఆమె ఎడమచెంప మీద చేత్తో తడుముకుంది. అక్కడ ఎప్పుడో నూనె చిట్లి కాలిన చిన్న మచ్చ ఉంది. తెర మీద కుడిచెంపకూ అదే మచ్చ, అదే ఎత్తున, అదే వంపుతో.

"నూనె నా మీద ఒక్కసారే చిట్లిందమ్మా" అంది.

గదిలో అందరం నవ్వాం. నేను వేసింది చెంపే, కానీ ఆమెది కాదు. ఎడమచెంప రెండోసారి వేశానంతే.

సాంబయ్య వేలు

మరి కుడిచెంప ఎలా ఉండేది? ఆమె దగ్గర ఉన్న ఫోటోలు తెమ్మన్నాను. కొడుకు పెళ్ళి ఆల్బమ్ తెచ్చారు. పనికిరాలేదు. అందులో అందరి ముఖాలూ తుడిచినట్టు నున్నగా, గులాబీరంగులో ఉన్నాయి. ఎవరో మచ్చలన్నీ ఓపిగ్గా చెరిపేశారు. ఫోటో స్టూడియోలో ఉన్నంతకాలం నేనూ చేసిన పని అదే. ఆధార్ కార్డులో ముఖం మసగ్గా ఉంది.

"మీకేమైనా గుర్తుందా అమ్మా, ఆ చెంప మీద?" అని అడిగాను.

"ఏం గుర్తుంటదమ్మా. బొట్టు పెట్టుకునేటప్పుడు బొట్టు చూసుకుంటాం. చెంప ఎవరు చూసుకున్నారు?"

తలుపు దగ్గర నుంచి సాంబయ్య దగ్గాడు.

"మంగు ఉండేదండీ."

అందరం అటు తిరిగాం. అతను సిగ్గుపడుతూ దగ్గరకొచ్చాడు.

"బండి ఉత్తరం మొహంగా ఉంటది గదండీ. పొద్దుటెండ కుడివైపునుంచే పడుద్ది. అందుకని ఈ పక్క బుగ్గ మీద మంగు ఎక్కువ. ఆ పక్కంత తెల్లగా ఉండదు."

"ఎక్కడిదాకా ఉండేది? చూపించగలరా?"

చెయ్యి లుంగీకి తుడుచుకుని తెర దగ్గర పెట్టాడు. దానికి తగలకుండా, కొంచెం ఎడంగా, వేలితో చుట్టూ గీశాడు. నేను పెన్నుతో ఆ వేలి వెంటే వేస్తూ పోయాను. ఇంకాస్త కిందకండీ. ఇక్కడ చిక్కగా. చెవి దగ్గరికొచ్చేసరికి ఉండదు. తర్వాత వేలు ఆగింది.

"ఇక్కడ పుట్టుమచ్చ. ఆవగింజంత. ఇక్కడ కాదండీ, ముక్కుకి ఇంకా దగ్గరగా. ఆ, అక్కడ. కన్ను కింద రెండు గీతలు. నవ్వితే మూడు."

కోటేశ్వరమ్మ అతన్నే చూస్తోంది.

"ఏమయ్యా, పెళ్ళైన కాణ్ణించీ నా మొహం వంక చూడవని తిట్టుకుంటన్నానే నేను!"

"నువ్వు చూడనప్పుడు చూసేవాణ్ణి" అన్నాడు సాంబయ్య. వెంటనే, అదేదో ఒప్పుకోకూడనిది ఒప్పుకున్నట్టు, మళ్ళీ తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు.

ఆ పూట ఇంకే పనీ జరగలేదు. కోటేశ్వరమ్మ తువ్వాలు కప్పుకుని ఏడ్చింది. డాక్టరమ్మ కిటికీ దగ్గరకు వెళ్ళారు. లోపల గదిలోంచి ప్రసాదరావు గారు అందరికీ టీ పంపించారు.

ఒకటి మాత్రం మిగిలిపోయింది, కన్ను. సిలికాన్ ముఖంలో అమర్చే కన్ను కదలదు, రెప్ప కొట్టదు. ఏదో ఒక వైపే చూస్తూ ఉండిపోతుంది. నేను మామూలుగా సూటిగా చూస్తున్నట్టు వేశాను. అది ఎవరినో నిలదీస్తున్నట్టుంది. డాక్టరమ్మకూ నచ్చలేదు. చివరికి కోటేశ్వరమ్మనే అడిగాం, ఎటు చూస్తుండాలమ్మా అని.

"పెనం మీదికి" అంది, ఆలోచించకుండానే.

రెప్ప కొంచెం దించి, చూపు కిందికి తిప్పాం. ఒక్కసారిగా ముఖం మెత్తబడింది. పని చేసుకుంటున్న మనిషి ముఖం అయింది.

పొయ్యి దగ్గర

డాక్టరమ్మ పొరల ప్రకారం సిలికాన్‌కు రంగు కలిపి, కన్నూ చెంపా కలిసి ఉన్న ముక్కను అచ్చులో పోశారు. అంచులు కనిపించకుండా దాన్ని ఒక కళ్ళజోడుకు బిగించారు. అమర్చిన రోజు ఆసుపత్రిలో అందరూ వచ్చి చూశారు. కోటేశ్వరమ్మ అద్దంలో చూసుకుని, పుట్టుమచ్చ మీద వేలు పెట్టి, "నేనేలే" అంది. నా వృత్తిలో అంతకన్నా పెద్ద మెప్పు నాకు రాలేదు. మర్నాడే బండి దగ్గరకు వెళ్తానంది.

ఆ వారంలోనే డాక్టరమ్మ ఫోన్ చేశారు. "అక్కా, ఆవిడ మళ్ళీ లోపలికి వెళ్ళిపోయిందట."

నేను ఆటో ఎక్కి నల్లపాడు వెళ్ళాను. బండి దగ్గర సాంబయ్య దోసె తిరగేయలేక అవస్థ పడుతున్నాడు. వెనక గదిలో ఆమె తువ్వాలు కప్పుకుని కూర్చుంది.

"ఏమైందమ్మా?"

"ఏమవుద్దమ్మా. గంట బాగానే ఉంది. ఒకాయన ప్లేటు తీసుకుంటా, ఏందమ్మా, ఈ పక్కకే పౌడర్ రాశావా అన్నాడు. మంచోడే. తెలియక అన్నాడు. అద్దంలో చూసుకున్నా. సగం మొహం ఎర్రగా కాలిపోతంది, సగం చల్లగా ఉంది. సగం బతికున్నట్టు, సగం..."

తువ్వాలు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

పొయ్యి సెగకు మనిషి ముఖం ఎర్రబడుతుంది, చెమటతో మెరుస్తుంది. సిలికాన్ ఎర్రబడదు. మేం ఆమెను చూసిందంతా ఏసీ గదుల్లో, ట్యూబ్‌లైట్ల కింద. ఆమె బతికేది అక్కడ కాదు. పిడుగురాళ్ల దాకా వెళ్ళి సున్నం చూసొచ్చినవాళ్ళం, ఊళ్ళోనే ఉన్న పొయ్యి దగ్గరకు రాలేదు.

"ఒక్కసారి పొయ్యి దగ్గర కూర్చుంటావా అమ్మా? జనం లేనప్పుడే. నాకోసం" అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం, బండి దగ్గర ఎవరూ లేని వేళ, లాప్‌టాప్, టాబ్లెట్ పట్టుకుని వెళ్ళాను. నాతోపాటు ఇంకొకరు ఆటో దిగారు, ప్రసాదరావు గారు. ఎందుకొచ్చారని నేను అడగలేదు. స్టూలు ఆయనే మోసుకొచ్చి పొయ్యికి ఎదురుగా వేశారు. కోటేశ్వరమ్మ తువ్వాలు తీసి పొయ్యి వెలిగించింది. ఆయన ఒక్క క్షణం తల దించుకున్నారు. తర్వాత తలెత్తి, "మాకు రెండు అట్లు వెయ్యమ్మా. తీరిగ్గా వెయ్యి. మా రహీమా రంగులేస్తది" అన్నారు.

ఆమె వేస్తూ పోయింది, ఆయన తింటూ పోయారు. నేను ఆమె ఎడమచెంపలో ఎరుపు ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో చూస్తూ వేశాను. ముందు చెంప ఎముక మీద, తర్వాత ముక్కు పక్కన, చివరికి కణత మీద. మంగు ఉన్నచోట ఎరుపు తేలదు, ఇటుకరంగు అవుతుంది. చెమట పట్టాక నూనె రాసినట్టు మెరుపు. సెగకు నా చేతికీ చెమట పట్టి పెన్ను జారింది. కుర్చీలో కూర్చుని ఇన్నేళ్ళు చేసిన పని, ఆ పూట మొదటిసారి చేస్తున్నట్టు అనిపించింది.

దానితో డాక్టరమ్మ రెండో ముక్క పోశారు. మొదటిది ఇంటికి, శుభకార్యాలకి. రెండోది పొయ్యికి. చెమటకు జారకుండా కళ్ళజోడుకు వెనక తాడు కట్టారు. కోటేశ్వరమ్మ రెండోదాన్ని పెట్టుకుని బండి దగ్గరకు వచ్చింది. ఈసారి లోపలికి వెళ్ళలేదు.

మీట నొక్కితే వచ్చేది

ఇప్పుడు ఒక మాట టైపు చేస్తే చాలు, కంప్యూటరే చర్మం వేసి ఇస్తోంది. దానివల్ల మా స్టూడియోలో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. అలాంటిదేం లేదు, ధైర్యంగా రండి అని మీకు అబద్ధం చెప్పను. గోడలూ రాళ్ళూ అది నాకన్నా వేగంగా వేస్తుంది, కొన్నిసార్లు నాకన్నా బాగా వేస్తుంది. దాన్ని తిట్టుకుంటూ కూర్చున్నవాళ్ళను చూశాను, వాళ్ళకు మేలేం జరగలేదు. నేర్చుకోండి, వాడుకోండి. కానీ యాభై ఏళ్ళ ఆడమనిషి చర్మం అని అడిగితే అది యాభై ఏళ్ళ ఆడమనిషి చర్మమే ఇస్తుంది. బండి ఏ దిక్కుకు ఉందో దానికి తెలియదు. ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి. ఆ వెళ్ళి అడగడం ఇంకా మన పనే. ఎన్నాళ్ళుంటుందో నాకు తెలియదు.

సిలికాన్ కూడా శాశ్వతం కాదు. ఎండకూ పొగకూ రంగు దిగిపోతుంది. మళ్ళీ పోయాలి, మళ్ళీ వేయాలి. అలా కోటేశ్వరమ్మ చెంపను నేను మానేసేలోపు ఇంకోసారి వేశాను. ఈసారి కన్ను కింద ఇంకో గీత కలపాల్సి వచ్చింది. ఎడమవైపు వయసు పెరిగింది కదా, కుడివైపు పెరగకపోతే ఎలా?

ఈమధ్య

పని మానేశాక ఒక పొద్దున ఏదో పని మీద నల్లపాడు వైపు వెళ్ళి, బండి దగ్గర ఆటో ఆపించాను. జనం బాగా ఉన్నారు. సాంబయ్య ప్లేట్లు అందిస్తున్నాడు. కోటేశ్వరమ్మ పెనం మీద అట్టు తిప్పుతోంది.

కళ్ళజోడు లేదు. చెంప లేదు. కుడికన్ను చోట శుభ్రంగా మడిచి కట్టిన తెల్లటి గుడ్డ, అంతే. నుదుటి మీద పెద్ద బొట్టు. తినేవాళ్ళు తింటున్నారు, కారప్పొడి అడిగేవాళ్ళు అడుగుతున్నారు. ఎవరూ ఆమె వంక వింతగా చూడటం లేదు.

నాకు మనసు చివుక్కుమంది. దాచడం ఎందుకు, మొదట అదే అనిపించింది. అన్ని పొరలు, అంత సెగలో కూర్చుని వేసినది.

ఆమె నన్ను చూసింది. చూపుతోనే నా ముఖం చదివేసింది.

"రా రహీమమ్మా, కూర్చో. పెట్టుకోలేదని చూస్తన్నావా?"

"ఏమైంది? ఊడిపోతోందా? రంగు దిగిందా? డాక్టరమ్మకు చెప్తాను."

"ఏం కాలేదు. బంగారంలాగుంది. ఇంట్లో డబ్బాలో పెట్టా. మొన్న మా మేనకోడలి పెళ్ళికి పెట్టుకుపోయా." పెనం మీద నీళ్ళు చల్లి, గుడ్డతో తుడిచింది. "ఒకరోజు తెల్లారి తొందర్లో మర్చిపోయి వచ్చేశా. సగం పిండి అయిపోయాక గుర్తొచ్చింది. చుట్టూ చూశా. ఎవళ్ళూ లేచిపోలా. అందరూ తింటన్నారు."

"అప్పటి నుంచి పెట్టుకోవడం లేదా?"

"బుద్ధి పుడితే పెట్టుకుంటా, లేకపోతే లేదు. మీరు అది చెయ్యకముందు నాకు ఈ గుడ్డొక్కటే దిక్కు. అందుకే లోపల కూర్చున్నా. ఇప్పుడు ఇంట్లో అదుంది. ఉందని తెలుసు గదా, ఇట్టా వచ్చి కూర్చోగలుగుతన్నా."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఆమె గరిటెతో పిండి తీసి పెనం నడుమ పోసి, గుండ్రంగా తిప్పింది. అంచులు పల్చగా, మధ్యలో కాస్త మందంగా.

"కారం వెయ్యనా, వద్దా?" అంది.

"వెయ్యమ్మా" అన్నాను.